అబ్బాయిని కూడా ఓ పాట పాడమనండి

మా అప్ప కూతురు నాతో మాట్లాడడం మానేసి నేటికి ఇరవై రెండు రోజులు. కారణం ఒక పాట. పాడిన పాట కాదు, పాడని పాట.

సంగతి చెప్తాను. తప్పెవరిదో మీరే తేల్చండి. నేను మాత్రం ముందే తేల్చేసుకున్నాననుకోండి, అది వేరే విషయం.

శ్రీకాకుళంలో నాగావళికి నాలుగడుగుల దూరంలో వాళ్ళిల్లు. ఆ ఇంట్లో పిల్లకి పెళ్ళిచూపులు. సాయంగా ఉంటానని నన్ను విజయనగరం నుంచి పిలిచేరు. తెల్లారగట్ల బస్సెక్కి వెళ్ళేను. సొజ్జప్పాలు వండేను, పిల్లకి జడ వేసేను, కుర్చీలకి గలీబులు మార్చేను. మగపెళ్ళివారు ఏడుగురు వచ్చేరు. మర్యాదస్థులే. తిన్నారు, బాగున్నాయన్నారు. కుర్రాడు కూడా నెమ్మదస్థుడిలాగే కనిపించేడు. పిల్ల ఉద్యోగం అడిగేరు, చెప్పింది. జీతం అడిగేరు, అదీ చెప్పింది. అప్పుడు కుర్రాడి మేనత్తగారు సోఫాలో సర్దుక్కూర్చుని, "అమ్మాయి సంగీతం నేర్చుకుందిటగా. ఏదీ, ఒక పాట పాడమనండి" అన్నారు.

మా పిల్ల తల దించుకోలేదు. ఎగరెయ్యనూ లేదు. మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మామూలుగా, "అలాగేనండీ. నేను పాడేక ఆయన కూడా ఒకటి పాడతారా?" అంది.

అంతే! గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరోటి లేదు. మేనత్తగారు మా అప్ప కూతురి వైపు చూసేరు. మా అప్ప కూతురు నా వైపు చూసింది. చూడదూ మరి, ఆ పిల్లకి సరళీస్వరాల నుంచీ సంగీతం చెప్పింది నేనే. కుర్రాడు మాత్రం పాపం నవ్వేడు. వాళ్ళ నాన్నగారు నవ్వకపోయేసరికి ఆ నవ్వుని సగంలో మింగేసేడు. "ఫోను చేస్తాం" అని లేచేరు. ఆ ఫోను ఇంతవరకూ రాలేదు.

"ఇదంతా నీ శిక్షణే పిన్నీ! సంగీతం నేర్పమన్నాం గాని పొగరు నేర్పమన్నామా?" అంది మా అప్ప కూతురు. అన్నదే ఆఖరి మాట.

పొగరా అది? నేను ఇరవై రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. కాదు అనే నా సమాధానం. ఎందుకు కాదో చెప్పడానికే ఈ కాగితాలు ఖరాబు చెయ్యడం.

ఆ రాత్రి ఇంటిల్లిపాదీ ముఖాలు ముడుచుకు పడుకుంటే, పిల్ల నన్ను మేడమీదకి తీసికెళ్ళి తన ఫోనులో ఒక పాట వినిపించింది. భాష జర్మను. కింద పియానో ఉందిట గాని, వింటే ఎవరో గిటారు తీగలు మెల్లిగా మీటుతున్నట్టే ఉంది. పైన ఒక మగగొంతు, బతిమాలుతున్నట్టు. "షూబర్టు కట్టేడమ్మమ్మా, 1828లో. ఆ ఏడే పోయేడు. రాత్రివేళ ప్రియురాలిని రమ్మని పిలిచే పాట. దీన్ని సెరినేడ్ అంటారు" అంది. భాష ఒక్క ముక్క తెలియకపోయినా ఆ గొంతులోని ప్రాధేయం నాకు అర్థమయింది. మన సంగీతమైనా వాళ్ళదైనా, అడిగేవాడి గొంతు అడిగేవాడి గొంతే.

మర్నాటి నుంచి ఆ సెరినేడ్ ఏమిటో తెలుసుకునే పనిలో పడ్డాను. ఆ మాట ఇటలీ వాళ్ళది. 'నిర్మలమైన ఆకాశం' అనే మాటలోంచి పుట్టి, పోను పోను 'సాయంకాలం' అనే మాటతో కలగలిసిపోయింది. దాని లక్షణం చాలా సులువు. పొద్దుగూకాలి. పాడేవాడు వీధిలో నిలబడాలి. వినే ఆవిడ మేడమీద కిటికీ లోపల ఉండాలి. చేతిలో మోసుకుపోగలిగిన వాయిద్యం ఒకటుండాలి, గిటారో మేండొలినో. మన పాలకొల్లు శ్రీనివాస్ కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన మేండొలిన్ ఉందే, దాని చుట్టమే. మోజార్టు 1787లో కట్టిన 'డాన్ జొవాన్నీ' అనే సంగీత నాటకంలో నాయకుడు నౌకరు బట్టలు వేసుకుని, మేండొలిన్ మోగుతుండగా ఒక పనిపిల్ల కిటికీ కింద పాడతాడు. వాడు పరమ దుర్మార్గుడు లెండి. అయినా అంతటి దుర్మార్గుడు కూడా పాట పాడి అడగవలసిందే!

1816లో రొస్సీనీ కట్టిన 'సెవిల్ మంగలి'లో ఒక జమీందారు ఏకంగా కూలికి మేళాన్ని పిలిపించి మరీ పాడతాడు. ఆవిడ కిటికీ తియ్యదు. మేళంవాళ్ళు మాత్రం చేతినిండా డబ్బు ముట్టేసరికి కృతజ్ఞతలు చెప్పి చెప్పి వీధంతా గోల చేస్తారు. ఇది చదివినప్పుడు మా ఊరి పెళ్ళి ఊరేగింపులు గుర్తొచ్చి ఒక్కదాన్నీ నవ్వుకున్నాను.

పోను పోను సెరినేడ్‌లో మాటలు పోయి ఒట్టి వాద్యసంగీతంగా కూడా పెరిగింది. మోజార్టు ఊరు సాల్జ్‌బర్గులో 1776లో హాఫ్నర్ వారింట పెళ్ళి. పెళ్ళికి ముందురోజు రాత్రి ఆ పెళ్ళికూతురి గౌరవార్థం మోజార్టు ఒక పెద్ద సెరినేడ్ కట్టేడు. గమనించేరా? పెళ్ళికూతురు పాడలేదు. పెళ్ళికూతురి కోసం పాడేరు.

ఇన్ని చదివేక నాకు నచ్చింది వాళ్ళ రాగం కాదు, తాళం కాదు. కిటికీ గడియ. ఆ గడియ లోపలున్న ఆవిడ చేతిలో ఉంది. అలాగని ఆ దేశాల్లో ఆడవాళ్ళు రాజ్యాలేలేరని నేననడం లేదు. ఆ సెవిల్ పిల్ల రోసీనాని ఆమె సంరక్షకుడే కట్నం మీద ఆశతో, తానే పెళ్ళాడదామని ఇంట్లో పెట్టి కాపలా కాసేడు. వాళ్ళ కష్టాలు వాళ్ళవి. కాని పాట సాగినంత సేపైనా అడిగేవాడు కింద, వినే ఆవిడ పైన. కావలసినవాడు పాడాలి, ఒప్పుకోవలసిన ఆవిడ వినాలి. సెరినేడ్‌కి ప్రాణం అదీ.

ఇప్పుడు మన పెళ్ళిచూపులకి రండి. కావాలని వచ్చింది ఎవరు? వాళ్ళు. ఎవరింటికి? మనింటికి. పాడవలసింది ఎవరు? మన పిల్ల! వచ్చినవాడు సొజ్జప్పం కొరుకుతూ సోఫాలో. ఇంటి పిల్ల చాప మీద. వాడెవరో ఆ పిల్లకి తెలీదు. వాడి మీద ఇష్టం పుట్టడానికి గాని పుట్టకపోవడానికి గాని వ్యవధి లేదు. లేని ఇష్టానికి పాటేమిటండీ? ఇష్టం ఉండి పాడితే అది సెరినేడ్. భక్తి ఉండి పాడితే కీర్తన. మార్కుల కోసం పాడితే దాన్ని పరీక్ష అనాలి. పరీక్ష అయితే పరీక్ష అనే చెప్పండి, సరదాగా ఓ పాట అనకండి.

ఈ మాట నేను పుస్తకాలు చదివి అనడం లేదు. మూడుసార్లు కూర్చున్నాను ఆ చాప మీద.

1974లో మొదటిసారి. అప్పటికి మా ఇంట్లో బొబ్బిలి వీణ ఉండేది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి చేస్తారే, ఆ వీణ. బడిపంతులు మా నాన్నగారు ప్రావిడెంటు ఫండులో అప్పు తీసి కొన్నారు. మా విజయనగరం సంగీతం ఊరు కదా! 1919లో మహారాజావారు సంగీత పాఠశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షుణ్ణి చేసేరు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ చెప్పింది అక్కడే. ఘంటసాలగారు నేర్చుకున్నది అక్కడే, మా ఊరిపిల్ల సుశీలమ్మ నేర్చుకున్నదీ అక్కడే. అలాంటి ఊళ్ళో పిల్లకి సంగీతం రాకపోతే నాన్నగారికి నామోషీ.

మొదటివారి ముందు పాడేను. కట్నం దగ్గర తప్పిపోయింది. రెండోవారి ముందు పాడేను. పిల్ల చామనఛాయ అన్నారు. పాటకీ ఛాయకీ ఏమిటో సంబంధం నాకివాళ్టికీ తెలీదు. మూడోవారి ముందు గొంతు బొంగురుపోయి అనుపల్లవిలో తడబడ్డాను. "గొంతు బాగుంది" అన్నారు మా అత్తగారు. ముహూర్తం పెట్టేసేరు. తప్పు పాడితే కుదిరిందన్నమాట! అంటే ఆ మూడుసార్లూ విన్నవాళ్ళు ఒక్కరూ లేరని కాదూ అర్థం?

ఇంకా వినండి. వీణ నాతో పాటు అత్తారింటికి వచ్చింది. వచ్చి అటకెక్కింది. మా అత్తగారు చెడ్డావిడ కాదు. మా వారు అసలే కాదు. వద్దని ఎవరూ అన్లేదు. పాడమని కూడా ఎవరూ అన్లేదు, అంతే. ఇద్దరు పిల్లలు, నాలుగు బదిలీలు, నా టీచరు ఉద్యోగం. ఒక ఎండాకాలం అటక మీంచి వీణ దింపితే తీగలు తుప్పు పట్టి, మెట్ల కింద మైనం వేడికి మెత్తబడి, ఇరవైనాలుగు మెట్లూ ఎటు పడితే అటు ఒరిగిపోయి ఉన్నాయి. నేను ఏడవలేదు. తుడిచి మళ్ళీ అటకెక్కించేను. ఏడవకపోవడమే తప్పని ఇప్పుడనిపిస్తోంది. పెళ్ళికి ముందు ఏడుగురు పరాయివాళ్ళకి అంత అవసరమైన పాట, పెళ్ళయ్యేక ఇంట్లో ఒక్కరికీ అవసరం లేకపోయిందేం?

"ఇప్పుడెవరండీ ఇంత చాదస్తంగా పాడమంటున్నారు?" అంటారు కొందరు. ఇరవై రెండు రోజుల కిందట అన్నారు తల్లీ, నా చెవుల్తో విన్నాను.

"అది మన సంప్రదాయం కదా" అంటారు మరి కొందరు. ఇదుగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. ఏది సంప్రదాయం?

మా అమ్మమ్మ కాలంలో పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు తలుపు దగ్గర పాటలు పాడేవారు. మీలో పెద్దవాళ్ళు వినే ఉంటారు. ఆడవాళ్ళు రెండు జట్లు. ఒక జట్టు తలుపు లోపల, ఒక జట్టు బయట. బయట దేవుడు, లోపల అమ్మవారు. ఆయన తలుపు తియ్యమంటాడు. ఆవిడ ఎవరు నువ్వంటుంది. ఆయన తన పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటాడు. ఆవిడ ప్రతి పేరుకీ ఒక పెడర్థం తీసి వెక్కిరిస్తుంది. ఇంతసేపు ఎక్కడున్నావంటుంది. ముల్లోకాలేలే స్వామి ఆ గడప అవతల చేతులు కట్టుకు నిలబడి జవాబులు చెప్పుకోవాలి. చెప్పి మెప్పిస్తేనే గడియ తీసేది. ఇది మన సెరినేడ్ కాదూ? ఇటలీ ఎందుకు, షూబర్టు ఎందుకు? మన ముత్తవ్వలు పసుపు దంచిన చేతుల్తో చప్పట్లు కొడుతూ పాడినదే. అందులో పాడి మెప్పించవలసింది పెళ్ళికొడుకు. ప్రశ్నలు వేసేది పెళ్ళికూతురు.

ఇంకో సంప్రదాయం చెప్పనా? పదం. పదిహేడో శతాబ్దంలో మువ్వ క్షేత్రయ్య కట్టిన పదాల్లో ఎక్కువగా పాడేది నాయిక. "చూసేరా, మన సంప్రదాయంలో ఆడదే పాడుతుంది" అని మీరనబోతారని నాకు తెలుసు. ఔను, పాడుతుంది. ఎందుకు పాడుతుంది? తనకి వాడు కావాలి గనక. ఇల్లు సర్ది, పూలు ముడుచుకుని ఎదురుచూసే వాసకసజ్జిక ఆవిడ. మరోచోట రాత్రంతా గడిపొచ్చి తెల్లారి గుమ్మంలో నిలబడ్డవాణ్ణి నిలదీసే ఖండిత కూడా ఆవిడే. పిలిచినా ఆవిడ ఇష్టం, పొమ్మన్నా ఆవిడ ఇష్టం. మన వైపు తూర్పు భాగవతంలో తెల్లవార్లూ మద్దెల మోత మధ్య సత్యభామ చేసేదేమిటి? అలుగుతుంది, విరహపడుతుంది, తనే ఉత్తరం రాసి పంపుతుంది. ఎవరో ఏదీ ఓ పాట పాడు అంటే పాడే మనిషా సత్యభామ!

అసలు మా ఊరి నాటకం 'కన్యాశుల్కం'లోనే చూడండి. 1892లో మా విజయనగరంలోనే ఆడేరు, 1897లో అచ్చయింది. అందులో మగాళ్ళలో ఒక్కడైనా కిటికీ కింద పాట పాడి అడిగేడా? గిరీశం బుచ్చమ్మ దగ్గర లెక్చర్లు దంచేడు, మధురవాణి ఇంట్లో మంచం కింద దూరేడు. ఆ నాటకంలో తన గుమ్మం తన అధీనంలో ఉంచుకున్నది ఒక్క మధురవాణే. సంసారి ఇంటి పిల్లలు బుచ్చమ్మకీ సుబ్బికీ ఆ గడియ లేదు.

ఇదీ అసలు మెలిక. ప్రేమ పాట పాడే హక్కు కళావంతుల స్త్రీలకిచ్చి, సంసార స్త్రీలకి గౌరవం ఇచ్చేం అన్నారు పెద్దలు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. రావలసిందే, ఆ ఆచారం పోవలసిందే. కాని ఆచారం పోయేక ఆ పదాలూ జావళీలూ మన ఇళ్ళలోకి వచ్చినప్పుడు ఏం చేసేం? నాకు జావళి చెప్పిన మాస్టారు అర్థం అడిగితే, "అర్థం నీకెందుకమ్మా, రాగం చూసుకో" అనేవారు. రాగం ఉంచుకుని, అడిగే నోరు తీసేసి, ఆ పాటని పెళ్ళిచూపుల చాప మీద కూర్చోబెట్టేం. కోరిక ఉన్న ఆడదాని పాటని కోరిక లేని పిల్ల చేత పాడించేం. దీనికి సంప్రదాయమని పేరు!

"పోనీ కుర్రాడు పాడాలంటావు, వాడికి సంగీతం రావద్దూ?" అన్నారు మా వారు, నేనిదంతా చెప్తే. రానక్కర్లేదు. మా పిల్ల అడిగింది కచేరీ కాదు. బడిలో నేర్పిన ప్రార్థన పాడనీండి, చిన్నప్పుడు విన్న సినిమా పాట కూనిరాగం తియ్యనీండి. ఎదుటివాళ్ళు ఏడుగురు కళ్ళార్పకుండా చూస్తుంటే గొంతు ఎలా ఎండిపోతుందో ఒక్కసారి తెలియనీండి. తెలిసినవాడు రేపు తన చెల్లెల్ని అలా కూర్చోబెట్టనివ్వడు. తన భార్య వీణని అటకెక్కనివ్వడు. పాట బాగుందా లేదా అన్నది కాదు, ఒకరి ముందు ఒకరు తగ్గడానికి ఇద్దరికీ సమానంగా మనసుందా అన్నది కావాలి మనకి.

అందువల్ల సంబంధాలు తప్పిపోవా అంటారా? తప్పొచ్చు. అది చిన్న మాట కాదని నాకూ తెలుసు. పిల్లకి ఇరవై ఏడు. తల్లి రాత్రుళ్ళు నిద్రపోవడం లేదని విన్నాను. నేను ఇక్కడ కూచుని శూరత్వం వెలగబెడితే, అక్కడ దిగులు పడేది ఆ కన్నతల్లి. దాని కోపం నేను నెత్తిన పెట్టుకుంటాను. కాని ఒక్కటడుగుతాను. మర్యాదగా అడిగిన ఒక్క ప్రశ్నకి తప్పిపోయిన సంబంధం, కుదిరేక ఎన్ని ప్రశ్నలకి నిలబడేది?

పాడమనడం తప్పని నేను చెప్పడం లేదు. పాడమనండి, ఇద్దర్నీ అనండి. అనలేకపోతే ఇద్దర్నీ వదిలెయ్యండి. పాటని మాత్రం పిల్లతో పాటు తూచకండి. పెళ్ళయ్యేక పదేళ్ళకి, ఇరవయ్యేళ్ళకి, "ఏమోయ్, ఒక పాట పాడవూ" అనే మనిషి ఆ ఇంట్లో ఉంటాడా లేదా అన్నది పెళ్ళిచూపుల్లో కనుక్కోవలసిన విషయం. జీతం కన్నా ముందు కనుక్కోవలసిన విషయం.

ఈ వ్యాసం సగం రాసేక మొన్న వీణ దింపించేను. మెట్లు కట్టడానికి గొల్లపల్లి పంపాలి. దించుతూ మా వారు, "ఇంత బరువా ఇది!" అన్నారు. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. నేనేం అన్లేదు. లోపలికి వెళ్ళి వంటింటి తలుపు గడియ వేసుకున్నాను. "కాఫీ?" అన్నారు బయట నుంచి. "పాట" అన్నాను లోపల నుంచి.

చాలాసేపు చప్పుడు లేదు. ఆ తరవాత గొంతు సవరించుకోవడం వినిపించింది. ఏం పాడేరో చెప్పను, శ్రుతి సంగతి అడక్కండి. గడియ మాత్రం తీసేను.